రెండో బాక్స్ తగిలించే ముందు ఓమ్స్ లెక్క

నల్లగొండ ప్రకాశం బజార్ వెనక సందులో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించాను. మునుగోడు, చండూరు, హాలియా, దేవరకొండ నుంచి పిల్లలు యాంప్‌లు మోసుకొస్తారు. చర్చిలో బేస్ గిటార్ వాయించేవాళ్లు, భజన మండలి వాళ్లు, బ్యాండు మేళంలో కీబోర్డ్ వాళ్లు. మూత తీసి చూస్తే చాలాసార్లు స్పీకర్‌కు కరెంటు ఇచ్చే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయి ఉంటాయి. "ఏం చేసిన్రు?" అని అడిగితే "ఏం చేయలేదన్నా, ఇంకో స్పీకర్ బాక్స్ పెట్టినం, అంతే" అంటారు. ఆ ఇంకో బాక్సే యాంప్‌ను కాల్చింది. ఎందుకు కాల్చిందో, కాల్చకుండా ఎలా పెట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మే నెలలో నకిరేకల్ వైపు ఒక ఊళ్లో పెళ్లి. నా కీబోర్డ్ యాంప్ 100 వాట్లది, లోపల 12 అంగుళాల 8 ఓమ్స్ స్పీకర్. వెనక ఇంకో స్పీకర్ పెట్టుకోవడానికి జాక్ ఉంది, దాని పక్కన 'మినిమమ్ 4 ఓమ్స్' అని రాసి ఉంది. ఆ రాత్రి జనం అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. వెనక కూర్చున్నవాళ్లకు వినపడట్లేదని పెళ్లివారు ఒకటే గొడవ. టెంట్ హౌస్ కుర్రాడు ఒక బాక్స్ భుజాన పెట్టుకొచ్చాడు.

"ఇది ఎన్ని ఓమ్స్ తమ్మీ?"

"ఎనిమిదే అన్నా, ఎనుక రాసుంది సూడు."

నిజంగానే రాసి ఉంది. 8, 8 పక్కపక్కన కలిపితే 4, మన యాంప్‌కు సరిపోతుంది అనుకుని జాక్ పెట్టాను. నలభై నిమిషాలు బ్రహ్మాండంగా పలికింది. తర్వాత ఫట్‌మని ఒక చప్పుడు, వెంటనే స్పీకర్లలో పెద్ద హమ్ము, ఆ వెనకే కాలిన వాసన. స్విచ్ తీసేసరికే ఆలస్యమైంది. ట్రాన్సిస్టర్లు షార్టయితే యాంప్ లోపలి డీసీ కరెంటు నేరుగా స్పీకర్‌కు పోతుంది. నా స్పీకర్ లోపలి తీగ చుట్ట, అంటే కాయిల్ కూడా మాడిపోయింది.

పొద్దున ఆ బాక్స్ వెనక పలక విప్పి చూశాను. లోపల స్పీకర్ కంపెనీది కాదు. పాతది ఎప్పుడో పోతే దొరికింది తెచ్చి బిగించారు. ఓమ్స్ కొలిచే మల్టీమీటర్ పెడితే 3.3 చూపించింది. అంటే అది 4 ఓమ్స్ స్పీకర్ (3.3 ఎందుకు 4 అవుతుందో కింద చెప్తాను). బయట చీటీ మాత్రం పాతదే. అప్పటి నుంచి చీటీ చూసి జాక్ పెట్టడం మానేశాను. మీరు కూడా ఈ ఒక్క అలవాటు చేసుకోండి: ముందు మీటర్, తర్వాత లెక్క, ఆ తర్వాతే జాక్.

ఓమ్స్ అంటే ఏమిటో మన భాషలో చెప్తాను. సాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు తూము సంగతి తెలుసు. ఒక చిన్న తూము తెరిస్తే కొన్ని నీళ్లే పోతాయి, ఎందుకంటే తూము అడ్డం పడుతుంది. పక్కన అలాంటిదే ఇంకోటి తెరిస్తే ఒక్కో తూము చిన్నదే అయినా మొత్తం మీద అడ్డం సగమైంది, నీళ్లు రెండింతలు పోతాయి. కాలువ ఇచ్చుకోగలిగితే బాధ లేదు. ఇచ్చుకోలేకపోతేనే కట్ట తెగుతుంది. స్పీకర్ ఓమ్స్ ఆ తూము అడ్డం లాంటిది. స్పీకర్లు పెంచిన కొద్దీ ఓమ్స్ తగ్గుతాయి, యాంప్ మీద కరెంటు బరువు పెరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. 8కి 8 కలిపితే 16 అవుతుందనుకుంటారు. జాక్‌ల ద్వారా కలిపితే అది 4.

మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌కు నియమం ఒక్కటే. వెనక రాసిన మినిమమ్ అంకె కంటే మీ స్పీకర్ల మొత్తం ఓమ్స్ తగ్గకూడదు. ఎక్కువైతే ఏమీ కాదు. 4 రాసి ఉన్న యాంప్‌కు 8 పెట్టండి, 16 పెట్టండి, అది చల్లగా పనిచేస్తుంది. 3 పెడితే వేడెక్కుతుంది, 2 పెడితే ఎప్పుడు పోతుందా అన్నది టైము లెక్కే.

ఇప్పుడు మీటర్ పని. 300, 400 రూపాయల డిజిటల్ మీటర్ చాలు. నాబ్‌ను 200 ఓమ్స్ దగ్గర పెట్టండి. ముందు ఎరుపు, నలుపు పిన్నులు రెండూ ఒకదానికొకటి గట్టిగా ఆనించి అంకె చూడండి. సున్నా రాదు. 0.3, 0.4, 0.5 ఏదో ఒకటి చూపిస్తుంది. అది మీటర్ వైర్లది. దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత తీసేయాలి. 8 ఓమ్స్ దగ్గర ఈ అరపాయింట్ పెద్ద తేడా కాదు. కానీ 3, 4 దగ్గర కొలిచేటప్పుడు ఇదే మోసం చేస్తుంది.

తర్వాత బాక్స్‌కు యాంప్ నుంచి వచ్చే వైరు పూర్తిగా తీసేయండి. యాంప్ తగిలి ఉండగా కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. స్పీకర్ వైరు ఒక చివర బాక్స్‌లో పెట్టి, రెండో చివర జాక్ పిన్ కొన మీద ఒక మీటర్ పిన్ను, దాని ఒంటి మీద ఇంకోటి ఆనించండి. బాక్స్ విప్పకుండానే లోపల ఏముందో తెలిసిపోతుంది. కొలిచేటప్పుడు కోన్‌ను, అంటే స్పీకర్ ముందు కదిలే గిన్నె లాంటి భాగాన్ని, ముట్టుకోవద్దు. కోన్ కదిలితే కాయిల్ తనే కాస్త కరెంటు పుట్టిస్తుంది, అంకె గంతులేస్తుంది. పక్కన డప్పు కొట్టినా గంతులేస్తుంది. రెండు సెకన్లు ఆగితే నిలబడుతుంది.

వచ్చిన అంకె మీ స్పీకర్ పేరు మీద ఉన్న ఓమ్స్ కంటే తక్కువే ఉంటుంది, కంగారు పడొద్దు. మీటర్ డీసీతో కాయిల్ తీగను మాత్రమే కొలుస్తుంది. పాట పోయేటప్పుడు కాయిల్ అడ్డం ఇంకొంత పెరుగుతుంది. 3 నుంచి 3.6 వస్తే అది 4 ఓమ్స్ స్పీకర్. 5.5 నుంచి 7 లోపు వస్తే 8 ఓమ్స్. 11 నుంచి 13 వస్తే 16 ఓమ్స్. ఏమీ చూపించకుండా ఎడమ పక్కన 1 అని నిలబడితే కాయిల్ తెగింది, లేదా లోపల వైరు ఊడింది. 1 ఓమ్ కంటే తక్కువ వస్తే ఎక్కడో షార్ట్ ఉంది, ఆ బాక్స్‌ను యాంప్ దరిదాపుల్లోకి రానీయొద్దు.

నిజం చెప్పాలంటే స్పీకర్ ఓమ్స్ ఒక్క అంకె కాదు. మీరు వాయించే స్వరాన్ని బట్టి మారుతూ ఉంటుంది. 8 అని రాసిన స్పీకరే కింది స్వరాల్లో ఒకచోట 30, 40 దాటుతుంది, ఇంకోచోట 7 దగ్గరకు దిగుతుంది. 8 అనేది లెక్క కోసం పెట్టుకున్న పేరు. మనకు ఆ పేరుతో లెక్క చేసుకుంటే సరిపోతుంది.

బాక్స్‌లో కింద పెద్ద స్పీకర్, పైన హారన్ ఉంటే రెండూ 8 కాబట్టి 4 అవుతుందేమో అని అడుగుతారు. మధ్యలో క్రాసోవర్ ఉంటే అవ్వదు. క్రాసోవర్ కింది స్వరాలను పెద్దదానికి, పై స్వరాలను హారన్‌కు పంచుతుంది కాబట్టి ఒకే స్వరాన్ని రెండూ ఒకేసారి మోయవు. యాంప్‌కు ఆ బాక్స్ మొత్తం 8గానే కనిపిస్తుంది.

ఇక కూడిక. ఒకే ఓమ్స్ ఉన్నవి జాక్‌ల ద్వారా కలిపితే, ఒకదాని ఓమ్స్‌ను ఎన్ని ఉన్నాయో దానితో భాగించండి. రెండు 8లు 4. మూడు 8లు 2.67. నాలుగు 8లు 2. రెండు 16లు 8. వేర్వేరు ఓమ్స్ ఉంటే రెండింటినీ గుణించి, వాటి కూడికతో భాగించాలి. నా పెళ్లి రాత్రి లెక్క వేయండి: 8ని 4తో గుణిస్తే 32, కూడితే 12, భాగిస్తే 2.67. యాంప్ అడిగింది 4. 100 వాట్లను 4 ఓమ్స్‌కు ఇవ్వాలంటే యాంప్ 20 వోల్టులు, 5 ఆంపియర్లు ఇవ్వాలి. అదే 20 వోల్టులకు 2.67 తగిలిస్తే ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. ట్రాన్సిస్టర్ల మీద బరువు ఒకటిన్నర రెట్లు. అదీ ఎక్కడ? నల్లగొండ మే నెలలో, పగలంతా 44 డిగ్రీల్లో ఉడికిన షామియానా కింద, దుమ్ము పడొద్దని వెనక జాలీ మీద నేనే కప్పిన తువ్వాలతో. ఆ తువ్వాల లేకపోతే ఇంకో గంట పలికేదేమో. పోవడం మాత్రం పోయేదే.

ఇంకో సంగతి, వేర్వేరు ఓమ్స్ కలిపినప్పుడు సౌండు సమానంగా పంచుకోదు. జాక్‌ల ద్వారా కలిపితే 4 ఓమ్స్‌ది 8 ఓమ్స్ దానికంటే రెండింతల వాట్లు మింగుతుంది. ఆ 4 ఓమ్స్‌ది చిన్న స్పీకర్ అయితే ముందు అదే చిరుగుతుంది. వీలైనంతవరకు ఒకే ఓమ్స్ ఉన్నవాటినే జత కట్టండి.

యాంప్ వెనక రెండు స్పీకర్ జాక్‌లు ఉంటే ఒక్కోదానికి 4 చొప్పున పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు. ఈ మాట మీద నా షాపుకు ఎన్ని యాంప్‌లు వచ్చాయో. ఒకే ఛానల్ ఉన్న యాంప్‌లో ఆ రెండు జాక్‌లు లోపల ఒకే తీగ మీద ఉంటాయి. రెంటికీ 4 పెడితే యాంప్‌కు కనిపించేది 2. బాక్స్ వెనక ఉన్న రెండో జాక్ నుంచి ఇంకో బాక్స్‌కు గొలుసులా లాగినా అదే లెక్క. స్పీకర్ లోపలే ఉన్న యాంప్ అయితే ఇంకోటి చూడాలి: కొన్నింటిలో బయటి జాక్ పెడితే లోపలి స్పీకర్ ఆగిపోతుంది, కొన్నింటిలో రెండూ కలిసి పలుకుతాయి. కలిసి పలికేది అయితే లోపలి స్పీకర్‌ను కూడా లెక్కలో వేయండి. లోపలిదే 4, మినిమమ్ కూడా 4 అయితే, దానికి ఇంకేమీ తగిలించే వీలు లేదు. అలాంటప్పుడు ఇంకో యాంప్ తెచ్చుకోవడమే దారి.

సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ నుంచి ఇంకోదాని మైనస్‌కు గొలుసు కడితే ఓమ్స్ మామూలుగానే కూడతాయి. 4, 4 కలిస్తే 8. మీ దగ్గర రెండు 4 ఓమ్స్ స్పీకర్లు ఉండి, యాంప్ మినిమమ్ 4 అయితే, ఒకే బాక్స్‌లో సిరీస్ కట్టి 8 చేసుకోవచ్చు. ఒకటి తెగితే రెండూ మూగబోతాయి, అదొక్కటే ఇబ్బంది. నాలుగు 8లు ఉంటే రెండు రెండు సిరీస్ కట్టి రెండు 16లు చేసి, ఆ రెండు జతలను పక్కపక్కన కలిపితే మళ్లీ 8 వస్తుంది. పలికేవి నాలుగు స్పీకర్లు, యాంప్ మీద పడేది ఒక్క స్పీకర్ బరువే. హాలియా చర్చి పిల్లలకు ఒక పెద్ద బాక్స్ ఇలాగే కట్టిచ్చాను.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు: "8 పెడితే పవర్ సగమైతదట కదన్నా?" అవుతుంది. 100 వాట్ల యాంప్ 4కు బదులు 8 ఓమ్స్‌లో దాదాపు 50, 60 వాట్లే ఇస్తుంది. కానీ చెవికి సౌండు సగం కాదు. సగం వాట్లంటే 3 డెసిబెల్స్ తగ్గుదల, వాల్యూమ్ నాబ్ కాస్త కదిపినంత. చెవికి రెండింతలు గట్టిగా వినపడాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. ఆ చిన్న తేడా కోసం యాంప్‌ను అంచుల మీద నడిపించొద్దు. వెనక వాళ్లకు వినపడాలంటే బాక్స్‌ను నేల మీద నుంచి తీసి కుర్చీ మీదో, స్టాండు మీదో చెవుల ఎత్తులో పెట్టండి. ఆ పెళ్లిలో నేను చేయాల్సింది అదే.

వాల్వ్ యాంప్, అంటే లోపల గాజు ట్యూబులు ఎర్రగా వెలిగేది మీ చేతికి వస్తే, పైన చెప్పింది అలాగే నడవదు. మన వైపు తక్కువే గానీ హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకునే గిటారిస్టులు ఉన్నారు. దానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వెనక 4, 8, 16 అని స్విచ్ గానీ, వేర్వేరు జాక్‌లు గానీ ఉంటాయి. మీ బాక్స్ ఎంతో సరిగ్గా అదే పెట్టాలి. ఎక్కువైతే ఏం కాదులే అనేది ఇక్కడ పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, స్పీకర్ లేకుండా వాల్వ్ యాంప్‌ను ఎప్పుడూ వాయించొద్దు. ట్రాన్సిస్టర్ యాంప్‌కు స్పీకర్ లేకపోతే ఏమీ కాదు, షార్టయితే పోతుంది. వాల్వ్ యాంప్‌కు స్పీకర్ లేకపోతేనే ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిన శక్తికి పోయే దారి లేక వోల్టేజ్ ఒక్కసారిగా లేస్తుంది, చుట్టల మధ్య ఇన్సులేషన్ చిట్లుతుంది, ట్యూబ్ సాకెట్ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి. అందుకే అమెరికా యాంప్ కంపెనీ ఫెండర్ వాళ్ల పాత యాంప్‌లలో స్పీకర్ జాక్ ఖాళీగా ఉంటే తనే షార్టయ్యేలా పెట్టారు. వాళ్ల ట్విన్ రివర్బ్ అనే యాంప్‌లో రెండు 8 ఓమ్స్ స్పీకర్లు కలిసి 4 అవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా 4కే చుట్టి ఉంటుంది. ఇలాంటి యాంప్ మూత మాత్రం మీరు విప్పొద్దు. లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది.

భజన మండళ్ల దగ్గర ఉండే అహూజా లాంటి మైక్ సెట్ యాంప్‌ల వెనక 4, 8, 16తో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా స్క్రూలు ఉంటాయి. కామన్‌కూ 8కీ మధ్య 8 ఓమ్స్ బాక్స్ పెట్టండి, కామన్‌కూ 16కీ మధ్య హారన్ యూనిట్ పెట్టండి. హారన్ యూనిట్లు ఎక్కువగా 16 ఓమ్స్‌వే. 100 వోల్టుల స్క్రూ మాత్రం స్పీకర్ వెనక ఆ వోల్టేజ్‌ను తగ్గించే లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడే. చెరువుగట్టు జాతర భజనకు మామూలు కీబోర్డ్ బాక్స్‌ను 100 వోల్టులకు తగిలించి కాయిల్ మాడ్చి నా దగ్గరకు తెచ్చిన వాళ్లున్నారు.

రెండు ఛానళ్ల పవర్ యాంప్‌ను బ్రిడ్జ్‌లో పెడితే, అంటే రెండు ఛానళ్లనూ కలిపి ఒకే బాక్స్‌కు ఇస్తే, ఒక్కో ఛానల్‌కు మీ బాక్స్ ఓమ్స్‌లో సగమే కనిపిస్తుంది. కాబట్టి మామూలుగా మినిమమ్ 4 ఉంటే బ్రిడ్జ్‌లో 8 కంటే తక్కువ వద్దు.

వైరు సంగతి చాలామంది పట్టించుకోరు. గిటార్‌కూ యాంప్‌కూ మధ్య వాడే సన్నని షీల్డ్ కేబుల్‌ను స్పీకర్‌కు వాడొద్దు. చివర పిన్ ఒకటేలా ఉంటుంది కాబట్టి పొరపాటు సులువు. లోపలి తీగ సన్నగా ఉండి వేడెక్కుతుంది, కరిగి షార్టయితే ట్రాన్సిస్టర్ యాంప్ ఆ క్షణమే పోతుంది. కరెంటు షాపులో దొరికే రెండు కోర్ల రాగి వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి. స్టేజీ నుంచి 20 మీటర్లు లాగితే, పోను రాను కలిపి అర ఓమ్ లోపే పోతుంది. అదే దూరం 0.5 స్క్వేర్ వైరు వేస్తే దాదాపు 1.4 ఓమ్స్ వైరులోనే ఉంటుంది. 4 ఓమ్స్ బాక్స్ అయితే యాంప్ ఇచ్చే పవర్‌లో పావు వంతు వైరును వేడి చేయడానికే సరి. ఇంకోటి, యాంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ జాక్ పీకడం, పెట్టడం చేయొద్దు.

స్పీకర్ మార్చినా, రెండు బాక్స్‌లు పక్కపక్కన పెట్టినా ప్లస్, మైనస్ చూడాలి. పెన్సిల్ సెల్ తెచ్చి, దాని ప్లస్‌ను స్పీకర్ ఎర్ర గుర్తుకు, మైనస్‌ను నల్ల గుర్తుకు ఒక్క క్షణం తాకించండి. టక్‌మని కోన్ ముందుకు రావాలి. ఒకటి ముందుకు, ఇంకోటి వెనక్కి పోతే రెండూ ఒకదాని గాలిని ఒకటి మింగేస్తాయి, బేస్ మాయమవుతుంది. యాంప్ చెడిపోయిందని తెచ్చిన ఒక సెట్‌కు నేను చేసిన రిపేరు రెండు వైర్లు అటుది ఇటు మార్చడమే. డబ్బులు తీసుకోలేదు.

హైదరాబాద్ కోటిలోని గుజరాతీ గల్లీకి కొత్త స్పీకర్ కోసం పోతే షాపులో మొదట అడిగేది అంగుళాలు, వాట్లు. మీరు ముందు ఓమ్స్ చెప్పండి. వాట్లు యాంప్ వాట్లకు సమానం గానీ ఎక్కువ గానీ ఉంటే మంచిది, ఓమ్స్ మాత్రం పాతది ఎంతో అంతే ఉండాలి. 8 దొరకలేదని 4 బిగించుకుని వచ్చినవాళ్లే తర్వాత ఆ బాక్స్‌ను ఇంకొకరి యాంప్‌కు ఇస్తారు. కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూసి తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

అంతా కలిపాక, ప్రోగ్రాం ముందు రోజు ఇంట్లో అరగంట మామూలు వాల్యూమ్‌లో వాయించి, యాంప్ వెనక హీట్ సింక్, అంటే వేడిని బయటికి పంపే లోహపు రెక్కల మీద వేళ్లు పెట్టి చూడండి. వేళ్లు పది సెకన్లు నిలిస్తే నిమ్మళంగా పోవచ్చు. రెండు సెకన్లకే తీసేయాల్సి వస్తే ఒక బాక్స్ తగ్గించండి, జాలీలకు గాలి ఆడేలా చూడండి. తర్వాత పర్మనెంట్ మార్కర్ తీసుకుని ప్రతి బాక్స్ వెనక మీరు కొలిచిన అంకె, కొలిచిన తేదీ రాయండి. పాత చీటీ ఉంటే గోకి తీసేయండి. నా బాక్స్‌లన్నిటి మీదా అలాగే రాసి ఉంటుంది. టెంట్ హౌస్ కుర్రాడు ఇప్పుడు సొంతంగా సౌండ్ సిస్టం నడుపుతున్నాడు. మొన్న షాపుకొచ్చినప్పుడు ఆటోలో ఉన్న అతని బాక్స్‌లు చూశాను, వెనక నల్ల మార్కర్‌తో 6.1, 6.2, 3.4 అని రాసి ఉన్నాయి.